కల్మార్ సామ్రాజ్యపు నోట్లు, 1905 సిరీస్: డిజైన్ ఎక్కడ తప్పుతోంది?

ఉత్తరదిక్కు_ఉప్పల్

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. 1397లో మార్గరెట రాణి చొరవతో కల్మార్‌లో ఒక్కటైన డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లు అసలు చరిత్రలో 1523లో విడిపోయాయి. ఈ కల్పిత చరిత్ర ప్రాజెక్టులో విడిపోవు. 1520 నవంబరు నాటి స్టాక్‌హోమ్ ఊచకోత ఇక్కడ జరగదు, స్వీడన్ ప్రభువులతో రాజీ కుదురుతుంది. ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌లతో సహా అంతా 1905 నాటికి కోపెన్‌హాగెన్ రాజధానిగా ఒకే సామ్రాజ్యం. ఆ ఏడాది సామ్రాజ్య బ్యాంకు విడుదల చేసిన ఆరు నోట్లు గీయాలి: 5, 10, 50, 100, 500, 1000 క్రోనర్. బోర్డ్ గేమ్ కోసం 200 సెట్లు, అంటే 1200 నోట్లు, హైదరాబాద్‌లోనే ప్రింట్ చేయించాలి.

ఇప్పటిదాకా తేలినవి: సైజు 150×66 మిల్లీమీటర్లు. 100 నోటు మీద గుస్తావ్ వాసా బొమ్మ. నాలుగు మూలల్లో నాలుగు ప్రాంతాల చిహ్నాలు, స్వీడన్ మూలకి మూడు కిరీటాలు. విలువ డానిష్, స్వీడిష్, నార్వీజియన్, ఫిన్నిష్ భాషల్లో. నేపథ్యంలో ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన గిలోష్ (నోట్ల మీద కనిపించే మెలికల గీతల) అల్లిక, గీత మందం 0.1 మిల్లీమీటర్, లేత ఆకుపచ్చ.

స్క్రీన్ మీద బాగుంది. జిరాక్స్ షాపులో కలర్ లేజర్ మీద ప్రింట్ తీస్తే అల్లిక అంతా చుక్కలు చుక్కలుగా విరిగిపోయింది, కొన్నిచోట్ల మరకలా పేరుకుంది. చరిత్రపరంగా, ప్రింటింగ్‌పరంగా ఏం మార్చాలి?

హాలీసిక్కా

గీతల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను నోటు మీద ఉన్న విషయం దగ్గర మొదలుపెడతాను. గిలోష్ ఎంత బాగా వచ్చినా, నోటు మీద మాట తప్పితే చూసేవాడికి నమ్మకం కుదరదు.

ముందుగా గుస్తావ్ వాసాని తీసేయండి. 1523లో యూనియన్‌ని విడగొట్టి స్వీడన్‌కి రాజైన మనిషి ఆయన. మీ చరిత్రలో ఆయన గెలవలేదు. గెలవని తిరుగుబాటుదారు బొమ్మ సామ్రాజ్యం నోటు మీదకి రాదు. అసలు స్వీడన్ నోట్ల మీద ఆయన బొమ్మ ఉండేది కాబట్టి చేయి అలవాటుగా అటు పోతుంది. 100 నోటుకి మార్గరెట సరిపోతుంది. కల్మార్‌లో పట్టాభిషేకం జరిగింది మాత్రం ఆమె చేరదీసి పెంచిన పొమరేనియా ఎరిక్‌కి. ఆయన్ని 50 మీద పెట్టొచ్చు.

మూడు కిరీటాలు స్వీడన్ మూలకి పరిమితం చేయడం కూడా అసలు చరిత్ర ప్రభావమే. ఆ చిహ్నం ఎవరిదన్న తగాదా 1563–1570 యుద్ధానికి ఒక కారణం: డెన్మార్క్ రాజులు అది మూడు రాజ్యాల యూనియన్ గుర్తు అన్నారు, స్వీడన్ తనది అంది. మీ లోకంలో యూనియన్ నిలబడింది కాబట్టి ఆ తగాదాలో డెన్మార్క్ మాటే చెల్లుతుంది. మూడు కిరీటాల్ని నోటు నడినెత్తిన, బ్యాంకు పేరు పైన పెట్టండి. మూలల్లో డెన్మార్క్‌కి మూడు సింహాలు, హృదయాకారాలు. నార్వేకి గొడ్డలి పట్టిన సింహం. స్వీడన్‌కి వేరే చిహ్నం కావాలి: నీలం మీద వాలుగా తెల్లటి చారలు, వాటి మీద బంగారు సింహం, అది స్వీడన్‌ని ఏలిన ఫోల్కుంగ్ వంశపు పాత చిహ్నం. ఎరిక్ కాలంలో యూనియన్ జెండా పసుపు మీద ఎర్ర శిలువ అని 1430 నాటి ఉత్తరాల్లో ఉంది. 1000 నోటుకి ఆ రెండు రంగులూ తీసుకుంటే ఎక్కడిదో చెప్పనక్కర్లేదు.

క్రోన్ అనే పేరుకి ఇబ్బంది లేదు, డెన్మార్క్‌లో 1618లోనే క్రోన్ నాణెం ఉంది. కానీ క్రోన్‌కి 100 ఓరేల దశాంశ లెక్క, కిలో బంగారానికి 2480 క్రోనర్ అనే కొలత 1873లో డెన్మార్క్, స్వీడన్ చేసుకున్న ద్రవ్య ఒప్పందం నాటివి, నార్వే 1875లో చేరింది. అంతకుముందు మూడు చోట్లా మూడు లెక్కలు: నార్వే స్పెసీడేలర్ ఒకటికి 4 క్రోనర్, డెన్మార్క్ రిగ్స్‌డేలర్‌కి 2, స్వీడన్ రిక్స్‌డేలర్‌కి 1. ఐదు శతాబ్దాలు ఒకే సింహాసనం కింద ఉన్న దేశానికి ఇలాంటి సర్దుబాటు ఇంకా ముందే జరిగి ఉండాలి. మీ కాలక్రమంలో ఏదో ఒక సంవత్సరం పెట్టి ఒక నాణేల చట్టం రాసుకోండి. ఎందుకంటే దాని తేదీ నోటు మీదకి వస్తుంది. అసలు స్వీడన్ నోటు మీద వాక్యం దాదాపు ఇలా ఉండేది: ఈ పది క్రోనర్ నోటుని అడిగిన వెంటనే, 1873 మే 30 నాటి నాణేల చట్టం ప్రకారం, బంగారు నాణెంతో రిక్స్‌బ్యాంక్ (స్వీడన్ కేంద్ర బ్యాంకు) మారుస్తుంది. బంగారం, చట్టం, తేదీ, ఈ మూడూ ఉన్నాయి కాబట్టే ఆ వాక్యానికి బరువు. ‘సామ్రాజ్యం హామీ ఇస్తుంది’ అని రాసి వదిలేస్తే ఆట కాగితంలా ఉంటుంది.

విలువల అంచనాకి ఒక లెక్క. క్రోన్ అంటే 0.4032 గ్రాముల మేలిమి బంగారం. బ్రిటిష్ సవరన్‌లో 7.32 గ్రాములు, 1905లో సవరన్ 15 రూపాయలు. అంటే క్రోన్ ఒకటి మన 13 అణాలు. 5 నోటు నాలుగు రూపాయల రెండణాలు, చేతులు మారుతూ నలిగిపోయే నోటు. 1000 నోటు 400 గ్రాముల బంగారానికి పైగా, అది బ్యాంకు నుంచి బ్యాంకుకి తప్ప బజారుకి రాదు. 5 నోటు చిన్నగా, రెండు రంగుల్లో. 1000 నోటు పెద్దగా, తీరుబడిగా ఉండాలి.

ఇక భాషలు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

మీరు రాసిన నార్వీజియన్ ఈ లోకంలో ఉండదు. డెన్మార్క్‌తో కలిసి ఉన్న కాలంలోనే నార్వేలో పాత రాత భాష పోయి డానిష్ వచ్చింది. ఇప్పటి నార్వీజియన్ రాతలు 19వ శతాబ్దంలో, వేరుపడ్డాక పుట్టినవి. కాబట్టి ఆ వరుస తీసి ఐస్‌లాండిక్ పెట్టండి. డానిష్, స్వీడిష్, ఐస్‌లాండిక్, ఫిన్నిష్ నాలుగూ నిలబడతాయి.

1905 అంటున్నారు కాబట్టి అప్పటి స్పెల్లింగ్ కావాలి. డానిష్‌లో 1948 దాకా నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో మొదలయ్యేవి, ‘ఏ’ మీద చిన్న సున్నా ఉన్న అక్షరం అప్పటిదాకా అధికారికంగా లేదు, రెండు ‘ఏ’లు పక్కపక్కన రాసేవారు. స్వీడిష్‌లో ఆ అక్షరం 16వ శతాబ్దం నుంచీ ఉంది. అంటే ఒకే నోటు మీద ఒక వరుసలో సున్నా ఉంటుంది, ఇంకో వరుసలో ఉండదు. ఇది తప్పులా కనిపించే ఒప్పు. స్వీడిష్ స్పెల్లింగ్ సంస్కరణ 1906లో వచ్చింది, మీది 1905, కాబట్టి పాత రాతే వాడాలి. ఇప్పటి అనువాద యాప్‌లో కొట్టి తెచ్చిన వాక్యం ఈ రెండు చోట్లా పట్టుబడిపోతుంది.

ఏకవచనం, బహువచనం కూడా చూసుకోండి. డానిష్‌లో ఒకటికి క్రోన్, పదికి క్రోనర్. స్వీడిష్‌లో క్రూనా, క్రూనొర్. ఫిన్నిష్‌లో సంఖ్య తర్వాత బహువచనం రాదు, పాక్షిక విభక్తిలో ఏకవచనం వస్తుంది: ఒకటికి క్రూను, పదికీ వందకీ క్రూనుఅ.

50 నోటు దగ్గర ఒక చిక్కుంది. డానిష్ మాటల్లో యాభై అంటే ‘హాల్‌ట్రెస్’, రెండున్నర ఇరవైలు అని అర్థం. స్వీడిష్‌వాళ్లకి అది తలకెక్కదు. అందుకే అసలు డెన్మార్క్ 50 నోటు మీద చాలాకాలం ‘ఫెమ్తి’ అని, పక్కదేశాలకి దగ్గరగా రాశారు. సామ్రాజ్యం నోటుకి ఇదే కావాలి.

వరుస ఎవరిది ముందు అన్నది రాజకీయం. ఎదురుగా రెండు పద్ధతులున్నాయి. ఆస్ట్రియా-హంగరీ క్రోన్ నోటుకి ఒక వైపు జర్మన్, దాని పక్కన ఇతర జాతుల భాషల్లో విలువ. రెండో వైపు హంగేరియన్ ఒక్కటే. రెండు సమాన రాజ్యాల బేరం అచ్చులో కనిపిస్తుంది. మన రూపాయి నోటు వెనక 15 భాషల పట్టీ ఇంగ్లిష్ పేర్ల అక్షరక్రమంలో ఉంటుంది, అస్సామీస్‌తో మొదలై చివర ఉర్దూ, దాని పైన తెలుగు. ఎవరికీ అలగడానికి వీలుండదు. మీ రాజీ ఎలాంటిదో దాన్నిబట్టి ఎంచుకోండి. నాకైతే ముందు వైపు డానిష్, వెనక వైపు స్వీడిష్, రెండు వైపులా చిన్న అక్షరాల్లో ఐస్‌లాండిక్, ఫిన్నిష్ బాగుంటుంది. కుదిరిన రాజీ అదే కదా.

లిపులు ఎలా సర్దాలో చూడాలంటే మన నిజాం నోట్లే మంచి పాఠం. ఉస్మానియా సిక్కా నోట్లు 1918లో మొదలయ్యాయి. ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు, మరాఠీ, కన్నడ అన్నీ చిన్న కాగితం మీద పట్టించారు. పాలకుల భాష పెద్దగా, మిగతావి విడివిడి గళ్లలో. ఒకే వాక్యంలా కలిపి రాయకుండా ప్రతి భాషకీ దాని గడి ఇవ్వడం వల్లే గందరగోళం లేదు.

గీత_గిలోష్

చుక్కలుగా విరగడానికి కారణం గీత సన్నగా ఉండటం ఒక్కటే కాదు, రంగు కూడా. లేత ఆకుపచ్చ అంటే ప్రింటర్ సయాన్‌నీ పసుపునీ కొద్ది శాతాల్లో చుక్కలుగా వేస్తుంది. అంగుళానికి 175 చుక్కల వరుసల స్క్రీన్‌లో ఒక్కో చుక్క గడి 0.145 మిల్లీమీటర్లు. మీ గీత 0.1. గడి కన్నా గీతే సన్నం, ఇక చుక్క పడితే పడుతుంది, లేకపోతే లేదు. గీతని 0.2 చేసినా అంచులు రంపంలా వస్తాయి.

మార్గం: అల్లిక గీతలకి ఒకే ఇంకు, 100 శాతం. లేతగా కనిపించాలంటే రంగు తగ్గించొద్దు, గీతల మధ్య ఖాళీ పెంచండి. అసలు నోట్లలో జరిగేది ఇదే, అక్కడ లేత రంగు అంటూ లేదు, గట్టి రంగు గీతలు దూరం దూరంగా ఉంటాయి. డిజిటల్‌లో అయితే పూర్తి సయాన్ లేదా పూర్తి మజెంటా గీతలు. మీకు ఆకుపచ్చే కావాలంటే మినీ ఆఫ్‌సెట్‌లో ఆ రంగు ఇంకే కలిపించి స్పాట్ కలర్‌గా వేయించాలి.

గీత మందం 0.12 పెట్టండి. 1200 డీపీఐలో చుక్క 0.021, అంటే గీతకి ఐదారు చుక్కలు, నిలబడుతుంది. 600లో మూడే. ముదురు రంగులో తెల్ల గీత విడిచిపెట్టాలంటే 0.2 కన్నా తగ్గొద్దు, ఇంకు పాకి మూసేస్తుంది.

మరకలా పేరుకోవడానికి కారణం లెక్క. ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్స్, రెండర్, స్పైరోగ్రాఫ్. పెద్ద వలయం 96, లోపలి చక్రం 35, పెన్ను దూరం 25 అనుకోండి. 96కీ 35కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 35 చుట్లు తిరిగి 96 రేకలతో మూసుకుంటుంది. అదే చక్రం 36 పెడితే గసాభా 12, మూడు చుట్లకే మూసుకుని 8 రేకల ముగ్గులా మిగులుతుంది. చాలామంది ఇక్కడే ఎందుకు చిక్కగా రావట్లేదని తికమక పడతారు.

ఈ 96, 35, 25 రోజెట్‌ని (గుండ్రటి పువ్వు అల్లికని) 30 మిల్లీమీటర్ల వెడల్పుకి కుదిస్తే, నడిమి వలయం చుట్టూ గీత 192 సార్లు దాటుతుంది, ఒక్కో దాటుకి 0.35 మిల్లీమీటర్లు. 0.12 గీత పోను 0.23 ఖాళీ, శుభ్రంగా వస్తుంది. అదే రోజెట్‌ని 15కి కుదిస్తే ఖాళీ 0.05, పూర్తిగా మూసుకుపోతుంది. చిన్న రోజెట్ కావాలంటే పెద్దదాన్ని కుదించకూడదు, రేకలు తగ్గించి కొత్తగా గీయాలి: 48, 17 సరిపోతుంది. పెన్ను దూరం చక్రం కన్నా తక్కువైతే మెత్తటి అలలు, సమానమైతే మొనలు, ఎక్కువైతే ముడులు. 1905 నాటి ఛాయకి అలలూ ముడులూ ఒకదాని మీద ఒకటి వేయండి, రెండు వేర్వేరు ఇంకుల్లో.

కుదించే ముందు ప్రిఫరెన్సెస్‌లో స్ట్రోక్ మందం కూడా స్కేల్ అవ్వాలన్న టిక్కు తీసేయండి. లేకపోతే 0.12 అనుకున్నది 0.02 అయిపోయి ఉంటుంది, స్క్రీన్ మీద తెలీదు.

ఎడమ నుంచి కుడికి రంగు మారే ఇంద్రధనుస్సు ప్రభావానికి ఒక్కో గీతకి గ్రేడియెంట్ ఇవ్వొద్దు. నేపథ్యం గీతలన్నీ ఎంచుకుని కంట్రోల్ కే కొట్టి ఒకే పాత్ చేసి, దాని స్ట్రోక్‌కి ఒక్క గ్రేడియెంట్ ఇవ్వండి. కానీ ఇది డిజిటల్‌లో మళ్లీ చుక్కల సమస్యే. నిజంగా కావాలంటే ఆఫ్‌సెట్‌లో ఇంకు తొట్టిలో రెండు రంగులు పక్కపక్కన పోయించాలి, ఒప్పుకునే ఆపరేటర్ దొరకాలి. రెండు రంగులూ రోలర్ల మీద క్రమంగా కలిసిపోతాయి కాబట్టి మధ్యమధ్యలో ఆపి కడగాలి.

బొమ్మకి ఫొటో తీసుకుని లైన్ ఫిల్టర్ కొట్టొద్దు. సమాంతర గీతల వెనక ముఖం కిటికీ చువ్వల వెనక ఉన్నట్టు ఉంటుంది. చెక్కడంలో గీత కండరం వెంట వంగుతుంది: బుగ్గ చుట్టూ వంపు, నుదుటి మీద అడ్డంగా, ముక్కు వెంట నిలువుగా. మొదటి పొర ఆకారం కోసం. రెండో పొర దాన్ని ఏటవాలుగా దాటి నీడ కోసం. ఆ రెండూ కలిసిన గళ్ల మధ్యలో చుక్కలు, చీకటి తిరిగే చోట మాత్రమే. నీడలో గీత 0.3 దాకా లావవ్వాలి, వెలుగులో 0.1కి సన్నబడి తెగిపోవాలి. స్వీడన్‌లో పనిచేసిన చెస్వాఫ్ స్వానియా చెక్కిన స్టాంపుల్ని పెద్దది చేసి చూడండి, గీత ఎక్కడ ఆగుతుందో అదే ముఖ్యం.

ఉత్తరదిక్కు_ఉప్పల్

చాలా థాంక్స్. వాసా, నార్వీజియన్ రెండూ తీసేశాను. ముందు డానిష్, వెనక స్వీడిష్ ఖాయం. కాగితం, వాటర్‌మార్కు, నంబర్ల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? 150×66 సైజు అలాగే ఉంచొచ్చా?

ఛత్తాబజార్_ప్రెస్

సైజు మార్చండి, అది సరిగ్గా మన 500 నోటు సైజు. కరెన్సీని పోలిన కాగితాలు తయారు చేయడం గురించి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 182 ఉంది. కల్పిత దేశం నోటు తనంతట తాను ఇబ్బంది కాదు, కానీ సైజు, రంగు, అమరిక మూడూ మన నోటుకి దగ్గరగా ఉంటే ప్రెస్‌వాళ్లే ఫైలు తీసుకోరు. 140×72 పెట్టండి. అశోక స్తంభం, రూపాయి గుర్తు, దేవనాగరి దరిదాపులకి పోవద్దు. ఇప్పుడు చలామణిలో ఉన్న ఏ దేశపు నోటు నుంచీ ముక్క కత్తిరించి వాడొద్దు.

ఇంకో సంగతి. చాలా దేశాల నోట్ల మీద ఐదేసి చిన్న వలయాల గుంపులు చల్లి ఉంటాయి, కలర్ కాపియర్లు వాటిని గుర్తుపట్టి ప్రింట్ ఆపేస్తాయి. నక్షత్రాలనో మంచనో మిల్లీమీటర్ వలయాలు నేపథ్యం నిండా చల్లితే యంత్రం మీ నోటునీ ఆపే ప్రమాదం ఉంది. వలయాల బదులు ఆరు రేకల మంచు పువ్వు వాడండి.

లెక్క: 140×72కి చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపితే 146×78. 13×19 అంగుళాల షీట్ మీద 4×3, మొత్తం 12 నోట్లు. ఆరు విలువలూ ఒకే సైజులో ఉంటే ఒక షీట్‌కి రెండు సెట్లు, 200 సెట్లకి 100 షీట్లు. తరుగు కోసం ఇంకో 15 తీసుకోండి. 1000 నోటు పెద్దగా ఉండాలన్న మాట నిజమే కానీ అప్పుడు దానికి షీట్ వేరు, కటింగ్ వేరు. అన్నీ ఒకే సైజు పెట్టి, 5 నోటులో అచ్చు చుట్టూ తెల్ల అంచు ఎక్కువ వదిలితే చిన్నదిగా కనిపిస్తుంది.

ముందు వెనక అచ్చు డిజిటల్‌లో అర మిల్లీమీటర్ నుంచి ఒక మిల్లీమీటర్ దాకా జరుగుతుంది. వెలుతురుకి పట్టుకుంటే రెండు వైపులూ కలిసి ఒక బొమ్మ అయ్యే ఆలోచన ఉంటే మానుకోండి. వెనక ఫ్రేమ్ ముందు ఫ్రేమ్ కన్నా 2 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే జరిగినా కనపడదు.

కాగితం 90 నుంచి 100 జీఎస్ఎం, నేచురల్ షేడ్. మామూలు ఎగ్జిక్యూటివ్ బాండ్ కొనేముందు వెలుతురుకి పట్టి చూడండి, కొన్నిట్లో మిల్లు పేరే వాటర్‌మార్కుగా ఉంటుంది, కోపెన్‌హాగెన్ నోటులో అది కనిపిస్తే పనంతా వృథా. యూవీ టార్చ్ కూడా వేసి చూడండి. మెరుపు రసాయనం ఉన్న తెల్ల కాగితం నీలంగా వెలుగుతుంది. పాత కాలపు నూలు కాగితం వెలగదు. కాటన్ కాగితం దొరికితే తీసుకోండి కానీ 12 నోట్ల షీట్ వేసేముందు ఐదారు షీట్లు యంత్రంలో నడిపించండి, నూగు లేచే రకమైతే సన్న గీతలు పట్టవు.

వాటర్‌మార్కుకి రెండు దారులున్నాయి. 1200 నోట్లకి తేలికైనది: వెనక వైపు మూడు కిరీటాలు 7 శాతం వెచ్చని బూడిద రంగులో, అంచులు మసకగా. ఇక్కడ మాత్రం చుక్కలు పరవాలేదు, ఆకారం పెద్దది. అసలైన వాటర్‌మార్కు కాగితం పలచబడ్డ చోట వెలుగుతుంది, ఇది నల్లబడుతుంది, ఆ తేడా ఉంటుంది. ప్రదర్శనకి పెట్టే ఒకటి రెండు సెట్లకైతే 45 జీఎస్ఎం కాగితాలు రెండు, మధ్యలో పలచటి కాగితంలో కత్తిరించిన ఆకారం పెట్టి స్ప్రే గమ్‌తో అతికించండి. మైదా జిగురు వాడితే తడికి కాగితం ముడతలు పడుతుంది. వెలుతురులో నూనె మరకలా మెరవాలని లిన్సీడ్ ఆయిల్ రాసేవాళ్లున్నారు, అది నెలల్లో పసుపెక్కి చుట్టూ పాకుతుంది.

నంబర్లు ఫైల్‌లో పెట్టకండి. బిల్ బుక్కులు వేసే ప్రెస్‌లో నంబరింగ్ మెషీన్ ఉంటుంది. ప్రతి వత్తుకీ అంకె తనే మారుతుంది, ఎర్ర ఇంకు కాగితంలోకి దిగి వెనక వేలికి తగులుతుంది. కటింగ్‌కి ముందు వేయిస్తే స్థానం షీట్ గుర్తుల ప్రకారం ఖచ్చితంగా వస్తుంది కానీ 12 తలలు కావాలి. ఒకే తల ఉంటే కటింగ్ తర్వాత, ఒక మూలకి ఆనించి వేయించండి. విలువకో అక్షరం ముందు పెట్టండి, 1200 నోట్లు కలిసిపోవు.

చేతికి గరుకుగా తగలాలంటే పెళ్లికార్డులకి చేసే రైజ్డ్ ప్రింటింగ్ ఉంది. దాన్ని బ్యాంకు పేరుకీ పెద్ద అంకెకీ మాత్రమే చేయించండి. పొడి కరిగి ఉబ్బుతుంది కాబట్టి 0.3 కన్నా సన్న గీతలు కలిసిపోతాయి, మార్గరెట ముఖం మీద అస్సలు వద్దు.

పాతగా కనిపించాలంటే టీ నీళ్లు ప్రింట్‌కి ముందే పట్టించి, ఆరబెట్టి, బరువు కింద చదును చేయండి. ప్రింట్ అయ్యాక తడిపితే ఇంక్‌జెట్ రంగు కారుతుంది. లేజర్ టోనర్ కారదు కానీ మడత దగ్గర పెచ్చులూడి తెల్లగీత పడుతుంది. అందుకని నోటు మధ్య నిలువు మడత వచ్చే చోట గట్టి నలుపు పెట్టకుండా సన్న గీతల నేపథ్యమే ఉంచండి.

హాలీసిక్కా

ఒకటి మర్చిపోయాను. సంతకాలు. ఒకటి కాదు, రెండు పెట్టండి. ముందువైపు డానిష్ వాక్యం కింద ఒకరిది, వెనక స్వీడిష్ వాక్యం కింద ఇంకొకరిది. రాత ఒకే చేతిది కాకూడదు, ఇద్దరు వేర్వేరు మనుషుల చేత ఇంకు పెన్నుతో రాయించి స్కాన్ చేయండి. ఫాంటు వాడితే ఒకే అక్షరం రెండుసార్లు అచ్చం ఒకేలా వచ్చి దొరికిపోతుంది.